ఎర్రన్న ముక్కులో స్పాంజి

రుద్రూర్ చుట్టుపక్కల బెల్లం వండేవాళ్లంతా పాకం చుక్కను నీళ్లలో వేసి, వేలితో ఉండ కట్టి చూసేవాళ్లు. ఎర్రన్నకు ఆ పనే లేదు. పెనం మీది ఆవిరి పీల్చి "దించుండ్రి" అంటే దించాలి, అంతే. ఇరవై ఏళ్లు రామ్‌దాస్ పటేల్ గానుగలో ఆ ముక్కు మాటే చెల్లింది. దానికి తగ్గట్టు మనిషికి కాస్త పొగరు కూడా ఉండేది, లేదంటే అబద్ధమే.

అలాంటి ముక్కులో కండ పెరిగింది. తొంభై ఒకటిలో నిజామాబాద్ పోయి కోయించుకున్నాడు. మత్తులో కోత తెలియలేదు గానీ, మూడో రోజు ముక్కులో కుక్కిన గుడ్డపట్టీ లాగుతుంటే ప్రాణం పోయినంత పనైంది. మూరెడు వచ్చింది, ఇంకా వస్తూనే ఉంది. కళ్లు తిరిగి పడిపోయాడు. "సచ్చినా మల్ల గా గడప తొక్క" అని ఒట్టు పెట్టుకున్నాడు.

ఒట్టు సంగతి ముక్కుకేం తెలుసు? పదేళ్లకు కండ మళ్లీ పెరిగింది, వాసన పోయింది. ఒక రోజు పెనంలో పాకం మాడి బొగ్గైతే పక్కనే నిలబడ్డ ఎర్రన్నకు తెలియనే లేదు. పటేల్ పాకం కలిపే తెడ్డు తీసి తోటి పనివాడు పోశయ్య చేతికిచ్చి, ఎర్రన్నను పొయ్యిలో చెరుకు పిప్పి ఎగదోసే పనికి దించాడు. తిట్టినా బాగుండేది.

ఆ తెడ్డు మళ్లీ తన చేతికి రావాలి. ఆ ఏటి గానుగ పని అయిపోగానే ఎర్రన్న ఒట్టు తీసి గట్టున పెట్టి నిజామాబాద్ బస్సెక్కాడు.

"ఈసారి గుంజేది ఏం లేదు," అంది డాక్టరమ్మ. "కండ తీసినంక మెత్తటి స్పాంజి పెడుత. నెత్తురు ఆపుతది, పుండు అంటుకోకుంట సూస్తది. దానంతట అదే కరిగిపోతది. నువ్వు దినాం మూడుసార్లు ఉప్పునీళ్లతోని కడుగు. వేలు మాత్రం పెట్టకు."

నాలుగో రోజు ఇంట్లో గొడవ మొదలైంది. స్పాంజి ఉబ్బి, నల్లబడి, ముక్కు కొసకు కనిపిస్తోంది. భార్య శ్యామలమ్మ అది చూసింది. "డాక్టరమ్మ తీసుడు మర్సింది! లోపల కుళ్లితే ఎట్ల?" అంటూ ఊళ్లో సూదులు వేసే దశరథాన్ని పిలుచుకొచ్చింది. ఆయన పట్టకారుతోనే వచ్చాడు. వాళ్లను అని లాభం లేదు. ముక్కులో పెట్టింది ఏదో ఒకనాడు బయటికి గుంజాల్సిందేనని అప్పటికి అందరూ ఎరిగిన సంగతి.

"తల ఎత్తు ఎర్రన్నా, ఒక్క గుంజుడుకు అయిపోతది," అన్నాడు దశరథం.

ఎర్రన్నకూ భయమే. నోటితో ఊపిరి తీసి తీసి నాలుక ఎండిపోయింది. నిజంగానే మర్చిపోయిందేమో? కానీ గుంజితే పచ్చిపుండు రేగుతుంది, ఇక తెడ్డు మీద ఆశ వదులుకోవాల్సిందే. రెండు చేతులా ముక్కు కప్పుకుని గోడకు ఆనుకున్నాడు.

"ముట్టితే మంచిగుండదు దశరథం. అచ్చుల పోసిన బెల్లాన్ని ఆరకముందే పెకిలిస్తమా? కరుగుతదని ఆమె చెప్పింది. కరిగేదాంక నేను గిట్లనే కూసుంట."

అన్నట్టే కూర్చున్నాడు. శ్యామలమ్మ సణుగుతూనే ఉప్పునీళ్లు వేళకు కాచి పెట్టింది. ఆరో రోజు కడుగుతుంటే జిగురు ముద్దలు జారి పళ్లెంలో పడ్డాయి. ఎనిమిదో రోజుకు గాలి ఆడింది. వాసన రాలేదు. డాక్టరమ్మ ఓపిక పట్టమంది. ఎర్రన్న పట్టాడు.

మళ్లీ చెరుకు కోతలు మొదలయ్యాయి. పొయ్యి నోరు గోతిలో ఉంటుంది, అక్కడినుంచి పెనం కనబడదు. మూడో పెనం ఉడుకుతుండగా, పిప్పి తోస్తున్న ఎర్రన్న చటుక్కున తలెత్తాడు.

"దించుండ్రి! అయిపోయింది!"

"ఇంక రంగే రాలే," అన్నాడు పైనుంచి పోశయ్య. "నువ్వు సూడకుంట ఎట్ల చెప్తవే అన్నా?"

"ఇంకో రెండు ఉడుకులకు మాడుతది. పటేలా, దించమను!"

పటేల్ పోశయ్యను చూశాడు, గోతిలో మసిపట్టిన ఎర్రన్నను చూశాడు. "దించు," అన్నాడు.

పాకం వంచేశాక పెనం అడుగున మాడబోతూ అప్పుడే ఎర్రబడుతున్న పొర కనిపించింది. పటేల్ దాన్ని గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. పోశయ్య చేతిలోని తెడ్డు తీసుకుని, గోతి అంచున గొంతుక్కూర్చుని కిందికి చాచాడు.

ఎర్రన్న వెంటనే అందుకోలేదు. ముందు కళ్లు మూసుకుని ఆ ఆవిరిని గుండెల నిండా పీల్చాడు. తర్వాతే చెయ్యి చాచాడు.