పండగపూట తెల్ల గౌను

ఆ రోజుల్లో రంగూన్‌లో ఒక ఇంటికి ఉత్తరం వచ్చిందంటే వీధంతా చెప్పుకునేవారు. ఎనభై ఎనిమిదిలో సైనిక పాలన మీద తిరగబడ్డ జనంతో నిండిన వీధులు తుపాకులతో ఖాళీ అయ్యాక, ఆ ఏడాది చివరికి మాకు మిగిలింది కర్ఫ్యూ ఒక్కటే. యూనివర్సిటీ మూసేశారు. పంతొమ్మిదేళ్ల నేను పజుండౌంగ్‌లో తెలుగువాళ్ల వీధిలో ఉన్న మా మావయ్య టైలరు షాపులో కాజాలు కుడుతూ, ప్రపంచం నన్ను మరిచిపోయిందని బాధపడుతూ ఉండేవాణ్ణి. (అంతకుముందు అది నన్ను ఎప్పుడు తలుచుకుందని ఎవరూ అడగలేదు.)

వీధి చివరి మేడలో ఐస్‌లాండ్ నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. భర్త బర్మావాడు, సరుకుల ఓడలో ఇంజనీరు. పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు తెల్లత్త. గొడవలకు ముందు ఓడెక్కిన ఆ మనిషి నుంచి ఐదు నెలలుగా ఒక్క ముక్క లేదు. పోస్టుమాన్ వచ్చే వేళకు ఆవిడ మెట్ల మీద నిలబడేది. అతను తల అడ్డంగా ఊపగానే, అసలు వచ్చింది మెట్లు ఊడవడానికే అన్నట్టు చీపురు అందుకునేది. నాకు చదువుకోడానికి పుస్తకాలు ఇచ్చేది కాబట్టి నేను తరచు వెళ్లేవాణ్ణి. డిసెంబరు రాగానే వాళ్ల పండగ సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. కొండల్లోంచి పదముగ్గురు అన్నదమ్ములు రోజుకొకడు చొప్పున దిగివచ్చి కిటికీలో పెట్టిన చెప్పులో కానుక వేసి పోతారట. అలాగే ఒక చెప్పు కిటికీలో పెట్టింది కూడా. (మనుషుల తలల కన్నా ఎత్తున చెప్పు పెట్టిందని మా మామ్మ మూడు రోజులు ఆ కిటికీ కింద నడవలేదు.) అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది పిల్లి కథ. ఇంటి కప్పంత పిల్లి ఒకటి పండగ రాత్రి తిరుగుతుంది. కొత్త బట్ట దక్కని వాళ్లను తినేస్తుంది. “నాకు బట్టలు కొనేవాడు సముద్రం మీద ఉన్నాడు. ఈసారి పిల్లికి నేనే,” అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. పిల్లికి దొరకనివ్వకూడదని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

షాపులో మిగిలిన గుడ్డ తెల్ల పాప్లిన్ ఒక్కటే. కొలతలు అడిగితే సంగతి తెలిసిపోతుందని, కంటి అంచనాతోనే పొడుగు గౌను ఒకటి కుట్టాను. కొత్త బట్ట మూలకు పసుపు పెట్టడం మా ఇళ్లలో ఆచారం. మరక చూసి ఆవిడ ఏమనుకుంటుందోనని అది మానేశాను. ఇరవైనాలుగో తేదీ సాయంత్రం, ఇస్త్రీ నలగకుండా గౌనును రెండు చేతుల మీద పరుచుకుని వీధిలో నడిచాను. అరుగు మీద కూర్చున్న మామ్మ ఎవరికని అడిగింది. తెల్లత్తకి అన్నాను. సిగ్గుతో తల దించుకుని ముందుకు నడిచాను. మామ్మ ఇంకేమీ అడక్కుండా లేచి లోపలికి వెళ్లింది.

తెల్లత్త గౌను విప్పి వెలుగులో పట్టి చూసింది. తర్వాత లోపలికి వెళ్లి తొడుక్కొచ్చింది. ఆవిడ చేతులు మా వీధి చేతుల కన్నా జానెడు పొడుగని అప్పుడు తెలిసింది. అయినా తీయనంది. పలచని అప్పడాల్లాంటి రొట్టెల మీద చాకుతో ఆకుల బొమ్మలు కోసి నూనెలో వేయించడం వాళ్ల ఆనవాయితీ. కోసే పని నాకిచ్చింది. ఆరు కాగానే తమ ఊళ్లో గంటలు మోగుతాయని, ఇరుగుపొరుగు వచ్చి పాడతారని చెబుతూ ఉండగానే మెట్ల మీద చప్పుడైంది. మామ్మ, మావయ్య భార్య మా అత్త, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు లోపలికొచ్చి, తెల్ల గౌనులో ఉన్న ఆవిణ్ణి చూసి, నేల మీద కూలబడి రాగం తీసి ఏడవసాగారు. తెల్లత్త చేతులు కట్టుకుని, తల వంచి, భక్తిగా విన్నది. పాటలు అయిపోయాయనుకున్నాక తలా ఒక రొట్టె పెట్టింది.

“మతి సెదిరిపోనాదర్రా, రొట్టెలు పంచుతున్నాది,” అంది మామ్మ. నా వైపు తిరిగి, “కబురు ఎప్పుడొచ్చినాదిరా?” అని అడిగింది.

“ఏ కబురు మామ్మా?”

“ఇంజనీరు పోనాడని. పసుపు సుక్క నేకండా తెల్లగుడ్డ రెండుసేతులా పట్టుకెల్లినావు. మొగుడు పోనోల్లకి కాకపోతే అలగ ఎవులికి పట్టుకెల్తార్రా?”

నా చేతిలో చాకు అలాగే ఉండిపోయింది. మామ్మకి వచ్చిన బర్మీస్ కూరగాయల బేరం వరకే. తెల్లత్తకీ అంతే. కాబట్టి ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. చెప్పాను. ఆవిడ పక్కనున్న కుర్చీని పట్టుకుంది. ఉత్తరం వచ్చిందా అని మాత్రం అడిగింది. రాలేదని, ఏ కబురూ రాలేదని, తప్పు నాదేనని నాలుగైదు సార్లు అన్నాను. ఆవిడ ముఖంలోకి రక్తం తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది.

మామ్మ కళ్లు తుడుచుకుంది. ఓడిపోవడం ఆవిడకు అలవాటు లేదు. “ఏటయినాదిప్పుడు? బతికున్నోడు పోనాడని ఏడిస్తే ఆడికి ఆయుస్సు పెరుగుతాది. మా పెద్దోల్ల మాట. సెప్పు దానికి.”

అదీ చెప్పాను. తెల్లత్త మామ్మ ముఖంలోకి చూసి, నాతో మెల్లగా అంది: “అయితే మధ్యలో ఎందుకు ఆపారు? ఇంకాస్త ఏడవమను.”

నలుగురూ ప్రయత్నించారు. ఒక్కరికీ కన్నీరు రాలేదు. అడిగితే ఒస్తాదేటి అని అత్త కిసుక్కుమంది, అందరూ నవ్వారు. ఆ నవ్వుల మధ్య తెల్లత్త ఒక్కతే, ఐదు నెలలుగా దాచుకున్నదంతా, నేల మీద కూర్చుని ఏడ్చింది. మామ్మ ఆవిడ తల ఒళ్లోకి లాక్కుని, “ఏడవే తల్లీ, ఇది గట్టిగా పనిచేస్తాది,” అంది.

ఫిబ్రవరిలో ఉత్తరం వచ్చింది. ఓడ ఎక్కడో రేవులో ఆగిపోయిందట. వానాకాలానికి మనిషే వచ్చాడు. తర్వాత ఇద్దరూ వాళ్ల దేశం వెళ్లిపోయారు. మామ్మ, అత్త, ఆ నేల మీద కూర్చున్నవాళ్లందరూ ఒక్కొక్కరే పోయారు. వాళ్లు పోయాక నేను ఏడ్చిన ఏడుపు నిజమైనది కనుక ఏ పనికీ రాలేదు.

నిరుడు తెల్లత్త ఉత్తరం రాసింది. ఇంజనీరు గారు ముసలితనంలో, మంచి నిద్రలో వెళ్లిపోయారట. నేను చదువుకున్నవాణ్ణి, ఏడిస్తే ఆయుష్షు పెరుగుతుందంటే నమ్మను. అయినా ఉత్తరం మడిచి పెట్టకముందే, ఆ సాయంత్రం నుంచి ఎన్నేళ్లయిందో వేళ్లు మడిచి లెక్కపెట్టాను. రెండు చేతుల వేళ్లూ మూడుసార్లు అయిపోయి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.