ఫిల్టర్ విప్పింది నేనే

ఛీ! గోడకు ఆనించిన ఆ గాలి పంపును చూస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

బొగ్గు గనిలో ముప్పై ఏళ్లు కంప్రెసర్ దగ్గర పనిచేసి, రిటైరై దమ్మపేటలో ఇల్లు కట్టుకున్నవాణ్ని. గాలిని నొక్కితే అందులో తేమ నీళ్లవుతుందని నాకొకరు చెప్పాలా? డ్యూటీ ఎక్కగానే ట్యాంకు కింద కుళాయి తిప్పి ఆ మురికినీళ్లు వదలడమే నా మొదటి పని. మరచిపోయినవాణ్ని నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ని.

మా చిన్నమ్మాయి డిగ్రీ చదువుతూ ఎయిర్ రైఫిల్ పోటీలకు తయారవుతోంది. తుపాకీకి ఉండే సిలిండర్‌లో గాలి నింపాలి. మా వైపు నింపేవాళ్లు లేరని చేత్తో కొట్టే పంపు కొన్నాం. చూడ్డానికి సైకిల్ పంపే గానీ, చివరికొచ్చేసరికి ఒళ్లంతా బరువు వేసినా దిగనంటుంది. అది కొట్టడం నా వంతు.

దానితో వచ్చిన హోస్ మూరెడు. తుపాకీని నేల మీద పెట్టి వంగి బిగించేసరికి నడుం పట్టేసేది. బల్ల మీద పెట్టుకుని హాయిగా నింపుదామని రెండు గజాల హోస్ తెచ్చాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! తుపాకీలోకి గాలి పోవాలంటే ముందు ఆ పొడుగు గొట్టమంతా నిండాలి. విప్పేటప్పుడు అందులోని గాలంతా బుస్సుమని బయటికే. ఇదివరకటి కంటే ఎక్కువ సార్లు కొట్టాల్సి వచ్చి భుజం లేవలేదు. పాత హోస్ మళ్లీ పెట్టుకుంటే సరిపోయేది. పెట్టలేదు, పంతం. పంపుకీ హోస్‌కీ నడుమ ఉన్న ఫిల్టర్ మీద పడింది నా కన్ను. తేమ పీల్చే దూది కూరిన చిన్న డబ్బా. అది కూడా కాస్త గాలి మింగుతుందని విప్పి అలమారలో పడేశాను. అదీ వానాకాలంలో, అడవి పక్క ఊళ్లో, డబ్బాలో ఉప్పు కూడా నీరుకారే రోజుల్లో!

"ఫిల్టర్ ఏది నాన్నా?" అని అడిగింది ఒకసారి.

"లేకుంటే ఏం గాదు. ముప్పై ఏండ్లు గాలితోనే బతికిన, నాకు చెప్తవా?" అన్నాను. నమ్మింది.

సెలెక్షన్ పోటీ నాడు పెల్లెట్ గుళ్లు ఒకటి పైన తగిలితే ఒకటి కింద తగిలింది. ఎంపిక కాలేదు. "చెయ్యి వణికింది నాన్నా," అంటూ బస్సులో కళ్లు తుడుచుకుంది. ఇంటికొచ్చాక గాలంతా వదిలేసి సిలిండర్ విప్పి వంచితే, నా అరచేతిలో తుప్పునీళ్లు పడ్డాయి. లోపల నీళ్లు చేరితే గాలి ఒక్కో గుండును ఒక్కోలా తన్నుతుంది, ఇక గురి ఎక్కడ నిలుస్తుంది? తను చూడకముందే తుడిచేశాను. సర్వీసింగ్ అని చెప్పి తుపాకీని బాగుచేయించడానికి పంపి, ఫిల్టర్ మళ్లీ బిగించాను. నోరు మాత్రం విప్పలేదు.

వణుకుతుందని పిల్ల చాయ్ మానేసింది. రోజూ పొద్దున్నే చెయ్యి చాచి, ఇటుక పట్టుకుని వాకిట్లో నిలబడేది. భుజం వాచింది. ఆ వాపుకు నొప్పుల మందు రాసింది ఎవరనుకున్నారు? నేనే. థూ, నా బతుకు!

నెల గడిచాక తనే అంది, "ఖమ్మం పోదాం నాన్నా. నరాల డాక్టర్‌కు చూపిద్దాం. నా చెయ్యికి ఏందో అయింది."

ఇక ఆగలేకపోయాను. "నీ చెయ్యికేం గాలేదు బిడ్డా. ఫిల్టర్ నేనే తీసేసిన. తుపాకిల నీళ్లు చేరినయి."

"నీకెప్పుడు తెలిసింది?"

"పోటీ అయిన నాడే."

తన అరచేతిని ఒకసారి తిప్పి చూసుకుంది.

"సెలెక్షన్ మళ్ల వస్తది. నెల దినాల సంది నా చెయ్యిని నేను తిట్టుకుంటుంటే, చూస్కుంట ఊకున్నవా నాన్నా?"

"అవ్ బిడ్డా," అన్నాను.