గోధుమ, నలుపు, మళ్ళీ గోధుమ

సెప్టెంబరు పదకొండు, గురువారం. ఉన్నవారు: నేను, నా భార్య, యాంప్లిఫయర్ అమ్మినతను (గుమ్మం దాకా).

కంటి నరం ఎండిపోతోందని, ముందు రంగులు పోతాయని, దానికి మందు లేదని డాక్టరు నాలుగు నెలల కిందటే చెప్పాడు. డైరీలో రాసుకున్నాను గానీ, పరీక్షకు వెళ్ళానని తప్ప ఇంట్లో ఏమీ చెప్పలేదు. టెలిఫోను శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు కేబుళ్ళు అతికినవాణ్ణి. గుంటలో కూర్చుని, వందల తీగల్ని రంగు చూసి జత కలపడమే నా ఉద్యోగం. డాక్టరు మాట నిజమో కాదో నా పని మీదే తేల్చుకోవాలనుకున్నాను. అందుకే బోయిగూడలో పాత సామాను అమ్మే అతని దగ్గర, పలకని గిటారు యాంప్లిఫయర్ ఒకటి కొన్నాను.

ఇంట్లో చెప్పిన కారణం వేరు. నా భార్య టీచరుగా ఉన్నప్పటి నుంచీ చర్చిలో స్త్రీల కూటానికి గిటారు వాయిస్తుంది. ఈమధ్య వేళ్ళలో బలం తగ్గి వెనక వరసకు వినబడటం లేదు. ఇది బాగుచేస్తే వినబడుతుందన్నాను.

"వెనక వరసవాళ్ళు కునుకు తియ్యడానికే వెనక కూర్చుంటారండీ. వాళ్ళనెందుకు లేపడం?" అంది.

అమ్మినతను పెట్టెను గుమ్మంలో దించి వెళ్ళాక, పదకొండింటికి వెనక పలక విప్పాను. ఒక రెసిస్టరు మాడిపోయి ఉంది. కరెంటును అదుపులో ఉంచే వడ్లగింజంత వస్తువు. దాని విలువ అంకెల్లో ఉండదు, ఒంటి మీది రంగు చారల్లో ఉంటుంది. మాడినదాని చారలు పోయాయి గానీ పక్కనే అదే విలువగల దాని జత ఉంది. కిటికీ వైపు తిప్పి, భూతద్దంతో చదివి డైరీలో రాశాను: గోధుమ, నలుపు, గోధుమ. అంటే వంద ఓములు. మీటరు బల్ల మీదే ఉంది. పెట్టి చూస్తే నిమిషం పని. పెట్టలేదు. కళ్ళతో చదవడానికే కదా కొన్నది.

'వంద' అని నేనే చీటీ అంటించిన పొట్లంలోంచి కొత్తది తీసి అతికాను. స్విచ్ వేశాను. చిన్నగా గుర్రుమంది, వెంటనే పొగ వచ్చింది.

కట్టేసి, వంటింట్లోంచి ఆమెను పిలిచి, పక్కనున్న ఆ జతదాని చారలు చదవమన్నాను.

"గోధుమ, నలుపు, నారింజ."

"చివరిది మళ్ళీ చూడు."

"నారింజేనండీ. కమలా తొక్కలా ఉంటేను. మీకెలా కనబడుతోంది?"

నారింజ అయితే పదివేలు. పదివేలు ఉండాల్సిన చోట వంద పెట్టాను.

ఈ ఏడాది డైరీ తిరగేశాను. జూన్‌లో, హాలుకు కొత్త కర్టెన్లు, గోధుమ రంగు, అని ఉంది. అవేం రంగని అడిగాను. ఎరుపు అంది. ఎదురింటి గేటు రంగు అడిగాను, ఈస్టరుకు ఆమె కట్టుకున్న చీర రంగు అడిగాను. డైరీతో కొన్ని సరిపోయాయి, కొన్ని సరిపోలేదు. తప్పు ఏ పేజీ నుంచి మొదలైందో పట్టుకోలేకపోయాను. ఎవరైనా కాదంటే ఇన్నేళ్ళూ డైరీ తీసి చూపించేవాణ్ణి. ఇక ఏం చూపించను?

"డాక్టరేమన్నాడు?" అంది.

చెప్పాను.

"నాలుగు నెలలు," అంది. ఆ మధ్యాహ్నం ఇద్దరం అన్నం ముందు కూర్చుని లేచాం.

మర్నాడు పొద్దున్నే అమ్మినతను ఫోన్ చేశాడు, మోగిందా అని. ఇంకా పాడైందన్నాను.

"గంతదానికి పరేషాన్ ఎందుకు సార్, వాపస్ తీస్కుంట. నా తాన ఇంకో రెండున్నయ్, జెర అవి చూడుండ్రి."

"నేను చూడలేను," అన్నాను.

"తొందరేం లేదు సార్. తీరికైనప్పుడే చూడుండ్రి."

ఇంకోలా ఎలా చెప్పాలో తెలియలేదు. ఫోను నా భార్యకిచ్చాను. ఆమె పక్కగదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, అతనికి చెప్పింది.