అగాయ్‌ని ఒక్కణ్ణే రమ్మంటే

తోలెగెన్ అగాయ్‌కి ఏదైనా ఒక్కటి తేవడం చేతకాదు. ఉప్పు తెమ్మంటే ఉప్పుతోపాటు మాంసం, ఉల్లిపాయలు, వండటానికి భార్య, తినడానికి బావమరిది కూడా దిగుతారు. అల్మాతీ నగరంలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆయనే పెద్దాయన కాబట్టి అందరూ అగాయ్ అని గౌరవంగా పిలిచేవారు. తిట్టుకునేటప్పుడు కూడా అగాయ్ అనే తిట్టుకునేవారు.

ఆ బుద్ధి ఆయన రాసే ప్రోగ్రాముల్లోకీ పాకింది. డేటాబేసులో మనిషి ముక్కలుగా పడుంటాడు. పేరు ఒక పట్టికలో, చిరునామా ఇంకోదాంట్లో, పిల్లలు మరోచోట. వాటిని ఏరి, మళ్ళీ మనిషిగా కుట్టి తెచ్చేది ఫ్రేమ్‌వర్క్ అనే సాధనం. మిగతావి అడిగినప్పుడే తెమ్మని దానికి చెప్పొచ్చు, అన్నీ ఒకేసారి పట్టుకురమ్మనీ చెప్పొచ్చు. అగాయ్ ఏది చెప్పాడో వేరే చెప్పాలా?

ఆయన ప్రోగ్రాం వాడే పాలీక్లినిక్ ఆస్పత్రి వాళ్ళు ఒక రోగి పేరు కొడితే పెళ్ళాం పిల్లలు, వాళ్ళని చూసిన డాక్టర్లు, ఆ డాక్టర్ల దగ్గరికొచ్చే రోగులు అందరూ కట్టగట్టుకుని బయల్దేరేవారు. వాళ్ళు తెర మీదికి చేరేలోగా అసలు రోగికి జ్వరం తగ్గిపోయేది.

"ఒక్కణ్ణి అడిగితే ఒక్కడే రావాలి అగాయ్!" అని జాన్సాయ తల పట్టుకునేది. ఆయన పక్క కుర్చీ ఆమెదే, ఆయన చేసినవన్నీ సరిదిద్దే ఖర్మా ఆమెదే.

"ఒక్కణ్ణి ఎలా పిలుస్తామే? మర్యాదేనా?"

జాన్సాయ అనాథాశ్రమంలో పెరిగింది. ఇప్పుడు ఎర్నార్ అనే కుర్రాణ్ణి ప్రేమించింది. చెవులకి కమ్మలు పెట్టి పిల్లని ఖాయం చేసుకోడానికి ఆదివారం వస్తానన్న వాళ్ళమ్మ ఒక మెలిక పెట్టింది. "పిల్ల తరఫున కూర్చుని మాట్లాడే పెద్దలు లేకపోతే కమ్మలు నా సంచిలోంచి బయటికి రావు."

జాన్సాయకి రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి తెగించి అడిగింది.

"అగాయ్, ఆదివారం మా గదికొచ్చి నా తరఫు పెద్దగా కూర్చుంటారా? మీరొక్కరే చాలు. ఒక్కరే!"

"అలాగే" అన్నాడు అగాయ్, అమాయకంగా.

ఆదివారం ఎర్నార్ తల్లి వచ్చి గది గుమ్మం దగ్గరే ఇరుక్కుపోయింది. లోపల అగాయ్, ఆయన భార్య, రెండు తీగల దొంబ్రా వాయిస్తూ బావమరిది, విందుకని గొర్రె తలకాయ మోసుకొచ్చిన ఆఫీసు యజమాని, ఇరుగుపొరుగు. పాలీక్లినిక్‌లో కూర్చుని అగాయ్‌ని రోజూ తిట్టిపోసే రిసెప్షన్ ఆవిడ కూడా బౌర్సాకులనే పిండి ఉండలు వేయిస్తూ కనబడింది.

"వీళ్ళంతా ఎవరు?"

"పిల్ల తరఫు వాళ్ళం" అన్నాడు అగాయ్.

"అయితే దాని ఏడు తరాల తాతల పేర్లు చెప్పండి! మావాళ్ళతో ఒక్క పేరు కలిసినా సంబంధం కుదరదు."

అగాయ్ గొంతు సవరించుకుని ఏడూ గుక్క తిప్పుకోకుండా చదివాడు.

"అవి మీ తాతల పేర్లు కాదూ?"

"నా పిల్లకి నా తాతలు కాకపోతే మీ తాతలొస్తారా? అప్పుడు పెళ్ళెలా చేస్తాం?"

ఆవిడ కమ్మల సంచి విప్పింది. జాన్సాయకి ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

"ఒక్కరే రమ్మన్నాను కదా" అంది గొణుగుతూ.

"నేనొక్కణ్ణే వస్తే, నేను లేచి వెళ్ళగానే నువ్వు మళ్ళీ ఒక్కదానివే కదే" అన్నాడు అగాయ్.

కమ్మ తొడుగుతూ కాబోయే అత్తగారు సణిగింది. "నాకెవరూ లేరన్నావట?"

"అడగనంతవరకూ లేరత్తమ్మా. అడిగితే ఇదిగో, ఇదీ వరస."

ఇంతలో కిటికీ దగ్గర్నుంచి అగాయ్ కేక వినబడింది.

"కాస్త సర్దుకుని కూర్చోండర్రా, మనవాళ్ళ రెండో బస్సొచ్చింది!"