రెండింటి నుంచి రెండూ ముప్ఫై అయిదు దాకా

నాకు దెయ్యాల మీద ఎప్పుడూ నమ్మకం లేదు. ఇలాంటివి రాసేవాళ్లంతా ఇదే మాటతో మొదలుపెడతారని తెలుసు. కానీ నాది ఆటోనగర్‌లో లారీ విడిభాగాల షాపులో కౌంటర్ ఉద్యోగం. పాడైన ప్రతి సామానుకీ ఏదో ఒక కారణం ఉంటుందని రోజూ కళ్లతో చూసేవాణ్ణి. జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

అది 2006 వేసవి. సత్యనారాయణపురంలో అద్దెకుండేవాళ్లం. కింద రెండు గదులు, మేడ మీద ఒక గది. మేడ గది మా నాన్నది. ఆయన ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో పాతికేళ్లు షిఫ్టు డ్యూటీ చేసి రిటైరయ్యారు. ఆ వేసవికి మూడు నెలల ముందే పోయారు.

కంట్రోల్ రూములో ఒక పద్ధతి ఉంటుంది. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, వచ్చి, లాగ్ బుక్కులో సంతకం పెట్టి ఛార్జి తీసుకుంటే గానీ, ఉన్న మనిషి కుర్చీలోంచి లేవకూడదు. నాన్న ఆ పద్ధతిని ఆస్పత్రికి కూడా తీసుకెళ్లారు. పడుకున్న పదిహేను రోజులూ దిండు కింద ఒక పొడుగు నోటుపుస్తకం పెట్టుకుని, తన దగ్గర ఎవరున్నదీ అందులో రాసేవారు. పొద్దుటి నుంచి రెండింటి దాకా నా భార్య సరళ, రెండింటి నుంచి నేను. నేను వచ్చి సంతకం పెడితే తప్ప సరళను కదలనిచ్చేవారు కాదు. నర్సులు నవ్వుకునేవారు. నాకు మాత్రం చిరాకేసేది.

ఆయన పోయిన రోజు నేను ఆలస్యంగా వెళ్లాను. రైల్వే గేటు పడిందని అందరికీ చెప్పాను.

సరళ ఇంట్లోనే కూర్చుని పనిచేసేది. విదేశీ డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేసి పంపడం. ఫోను లైనూ ఇంటర్నెట్టూ మేడ గదిలో ఉండేవి కాబట్టి కంప్యూటర్ కూడా అక్కడే. ఏడో నెల వచ్చాక మెట్లెక్కవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దాంతో పాత కంప్యూటర్ ఒకటి సంపాదించి కింద పెట్టాం. గోడకు చిల్లు పెట్టడానికి ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. కిటికీలోంచి వైరు లాగితే రెండో రోజే కోతులు తెంపేశాయి. ఇక మిగిలింది వైర్‌లెస్ ఒక్కటే. వైరు లేకుండా ఇంటర్నెట్ అందించే బాక్సు ఒకటి నా దగ్గర కొని పెట్టి ఉంది. మూడు నెలలుగా సీలు కూడా తీయలేదు. పైన బాక్సు బిగించి, కింది కంప్యూటర్‌కు చిన్న యాంటెన్నా తగిలించాను. రెండూ ఒకదాన్నొకటి కనిపెట్టాయి. హమ్మయ్య అనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి కనెక్షన్ పోయింది.

సరళ ఫైళ్లు రెండున్నరలోపు వెళ్లిపోవాలి. కంపెనీ వాళ్లు అప్పటికే రెండుసార్లు హెచ్చరించారు. మూడోసారి ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామన్నారు. పుట్టబోయే బిడ్డతో కలిపి ముగ్గురం నా ఒక్కడి జీతంతో గడిపేలా లేము. మొదటి రోజు ఇంట్లో ఉన్నాను కాబట్టి నేనే పైకెళ్లి పంపాను. రెండో రోజు నేను షాపులో ఉండగా అదే టైముకి పోయేసరికి సరళ కడుపు పట్టుకుని మెట్లెక్కి, పెన్ డ్రైవ్‌లో తీసుకెళ్లి పంపింది. ఆ సంగతి సాయంత్రం తెలిసి ఆమె మీద అరిచాను. అరిచాక నా మీద నాకే అసహ్యమేసింది.

షాపు ఓనరు ముఖం చిట్లించినా వారం రోజులు సెలవు పెట్టాను. బాక్సు సిగ్నల్ ఛానెల్ ఒకటికి మార్చాను, ఆరుకి, పదకొండుకి మార్చాను. పక్కింటి కార్డ్‌లెస్ ఫోను అడ్డొస్తోందేమోనని వాళ్లను బతిమాలి దాన్ని తీయించాను. డ్రైవర్లు తీసేసి మళ్లీ ఎక్కించాను. ఫైర్‌వాల్ ఆపాను. బాక్సుకి వేరే అడాప్టర్ పెట్టాను. ఎండ వేడికేమోనని దానిముందు టేబుల్ ఫ్యాను తిప్పాను. పొద్దున్నుంచి అంతా బ్రహ్మాండంగా ఉండేది. రెండయ్యేసరికి బాక్సు మీది వైర్‌లెస్ లైటు ఆరిపోయేది. బాక్సు పలుకుతుందేమోనని కింది కంప్యూటర్ నుంచి పింగ్ చేస్తే జవాబు లేదు. పైన ఇంటర్నెట్ మామూలుగా ఉండేది. నేను పైకెళ్లి సరళ ఫైళ్లు పంపేవాణ్ణి. కానీ సెలవు అయిపోతే ఎవరు ఎక్కుతారు?

నాలుగు రోజులు కాగితం మీద టైము రాశాను. ఆరిపోవడం రెండింటికి. తిరిగి రావడం రెండూ ముప్ఫై అయిదుకి. నిమిషం తేడా లేదు. కంప్యూటర్ సర్వీసు చేసే మనిషిని పిలిస్తే పొద్దున పదకొండింటికి వచ్చి, అంతా బాగానే ఉందండీ అని చెప్పి వెళ్లిపోయాడు.

అయిదో రోజు మస్తాన్ గారు వచ్చారు. కంట్రోల్ రూములో నాన్న తర్వాతి షిఫ్టు ఆయనదే. కొండపల్లిలో ఉంటారు. మేడ గదిలో నా పక్కనే కూర్చుని మజ్జిగ తాగుతుండగా లైటు ఆరిపోయింది. ఆయన వాచీ చూసుకుని, "మీ నాన్న డ్యూటీ దిగే టైమిది బాబూ" అన్నారు. గ్లాసు కింద పెట్టి, "నేనొచ్చేదాకా లేచేవాడు కాదు. ఒకసారి బస్సుల్లేక మూడు గంటలు లేటయ్యాను, అలాగే కూర్చుని ఉన్నాడు. ఒక్క మాటనలేదు" అన్నారు.

ఆయన వెళ్లిపోయారు. బాక్సు చోటు మార్చి చూద్దామని అరమీంచి దించుతుంటే వెనకాల ఆస్పత్రి నుంచి తెచ్చిన సంచీ కనిపించింది. దాన్ని ఎవరమూ విప్పలేదు. అందులో నోటుపుస్తకం ఉంది. చివరి పేజీలో నాన్న చేతిరాత వంకరగా పోయి ఉంది. "రెండు గంటలు. అప్పగించడానికి సిద్ధం. రిలీవర్ రాలేదు." సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది.

ఆ రోజు రైల్వే గేటు పడలేదు. గవర్నరుపేటలో కంప్యూటర్ సామాన్ల షాపులో ఈ బాక్సు కోసమే బేరమాడుతూ నిలబడ్డాను. ఎలాగూ సరళ ఉంది కదా, పది నిమిషాలకేమవుతుంది అనుకున్నాను. నేను వార్డులోకి వెళ్లేసరికి గోడ గడియారంలో రెండూ ముప్ఫై అయిదు. అప్పటికి పావుగంట క్రితమే నాన్న పోయారు.

మర్నాడు సరిగ్గా రెండింటికి నాన్న కుర్చీలో కూర్చున్నాను. లైటు ఆరిపోయింది. నోటుపుస్తకం తెరిచి ఆ ఖాళీ చోట "ఛార్జి తీసుకున్నాను, ఆలస్యమైంది" అని రాసి సంతకం పెట్టాను. సిగ్గనిపించింది, కళ్లనీళ్లు కూడా వచ్చాయి. కలం మూత పెడుతుంటే కింది నుంచి సరళ కేక వినిపించింది.

"ఏమండీ, వచ్చేసింది! ఫైలు వెళ్తోంది!"

అప్పుడు టైము రెండూ నాలుగు.

కిందికెళ్లి ఆమెకు గేటు సంగతి అబద్ధమని చెప్పేశాను. సరళ ఫైలు పూర్తిగా వెళ్లేదాకా తెర వంక చూస్తూనే ఉంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది.

"నాకు అప్పుడే తెలుసండీ. మీరు రాకపోయేసరికి మీ షాపుకి ఫోన్ చేశాను. కంప్యూటర్ బాక్సు కొనడానికి వెళ్లారన్నారు. మామయ్యగారికి చెబితే, పోనీలేమ్మా, కోడలి కోసమే కదా, వాడొచ్చేదాకా నేనుంటాలే అన్నారు."

మూడు నెలలు ఆ మాట కడుపులో పెట్టుకుంది. నేను బాధపడతానని.

ఆ తర్వాత రెండింటికి కనెక్షన్ ఎప్పుడూ పోలేదు. కాన్పు ముందురోజు దాకా సరళ కిందే కూర్చుని పని చేసుకుంది. బాక్సులో ఏదో లోపం ఉండి, తనంతట తనే సర్దుకుందని ఆ తర్వాత ఒకరిద్దరు చెప్పారు. అయ్యుండవచ్చు. కానీ ఆ లోపం రెండూ ముప్ఫై అయిదునే ఎందుకు ఎంచుకుందో ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ తెలియదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఉంటానన్నాక మా నాన్న లేచి వెళ్లే మనిషి కాదు, అంతవరకే నాకు తెలుసు.