సైగ పక్కన ఒక మాట

మా అత్తమ్మ పోయిందన్న కబురు నాకు సుల్తాన్‌పూర్‌లో, సిరంజీలు ప్యాక్ చేసే గదిలో ఉండగా అందింది. లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. సూపర్‌వైజర్ బయటికి పిలిచి తన ఫోన్ ఇచ్చాడు. అవతల మా ఆయన. ఛాతీలో నొప్పంటూ మంచం మీద కూర్చుందట. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది.

అత్తమ్మ మాటలు తక్కువ మనిషి. పటాన్‌చెరులో దారం మిల్లు మూతపడేదాకా అందులోనే పనిచేసింది. ఆ మిషన్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు, అంతా చేతులతోనే. ఇంట్లోనూ అదే అలవాటు. కొత్తకోడలిగా బీరంగూడ వచ్చినప్పుడు, నా మీద కోపమేమో అనుకున్నాను.

మా పాప ఏడో నెలలోనే పుట్టింది. వారాల తరబడి అద్దాల పెట్టెలో ఉంది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, ఇంత ముందుగా పుట్టిన పిల్లలకు మాటలు ఆలస్యం కావచ్చని, గమనిస్తూ ఉండమని చెప్పింది. చెవుల పరీక్షలో లోపమేమీ లేదు. అయినా రెండేళ్లు దాటినా ఒక్క మాట రాలేదు. ఏది కావాలన్నా మా చెయ్యి పట్టి లాగేది, వేలు చూపేది.

వెలిమెలలో ఒక పెళ్లిలో చుట్టాలామె, "నాయినమ్మ పోలికనే, మూగది" అన్నది. మర్నాడే అత్తమ్మ పాపను ఎత్తుకుని సంగారెడ్డి బస్సెక్కింది, మాటలు నేర్పే టీచరమ్మ దగ్గరికి. నేనూ వెంట వెళ్లాను.

తన సైగల వల్లే ఇలా అయిందేమో అని అత్తమ్మ భయం. టీచరమ్మ కాదంది. సైగలు మానొద్దని, ప్రతి సైగ పక్కన ఒక మాట పెట్టమని, పెట్టి పాప ముఖం చూస్తూ ఆగమని చెప్పింది.

ఇక అత్తమ్మ మొదలుపెట్టింది. మొదట్లో సిగ్గుపడి తలుపు మూసుకుని మాట్లాడేది. సొరకాయ తరుగుతూ, బియ్యం చెరుగుతూ చేసే ప్రతి పనీ పాపకు చెప్పేది. సాయంత్రానికి గొంతు బొంగురుపోతే వేడినీళ్లు తాగి మళ్లీ అందుకునేది. పాప బదులు నేను జవాబు చెప్పబోతే నా మణికట్టు పట్టుకునేది.

"ఆగు బిడ్డా. గిప్పుడు దాని వంతు."

నెలలు గడిచాయి. ఒకనాడు ఓపిక నశించి, అసలు మాటలే రాకపోతే ఎట్లా అన్నాను.

"రాకుంటే రాకపాయె, నేనైతే ఆపను. దానికి తొందర లేదు. తొందరంతా మనకే" అన్నది.

ఒక ఆదివారం పాపకు స్నానం చేయిస్తూ, మగ్గు పైకెత్తి ఎప్పటిలాగే ఆగింది.

"పొయ్" అన్నది పాప.

అత్తమ్మ పోసింది. మళ్లీ "పొయ్." మళ్లీ పోసింది. బకెట్ ఖాళీ అయ్యాక, కన్నీళ్లు తుడుచుకోకుండానే, ఇంకో బకెట్ తెమ్మని నాకు చేత్తో సైగ చేసింది.

పాప ఇప్పుడు మాటలు కలిపి మాట్లాడుతుంది. కొన్ని అక్షరాలకు ఇంకా నోరు తిరగదు. సంగారెడ్డికి ఇక నేనే తీసుకుపోతాను. షిఫ్టు మార్చమని అడిగాను.

అత్తమ్మ పోయే ముందు వారం, మిద్దె మీద బట్టలు ఆరేస్తూ ఇద్దరినీ చూశాను. అంగన్‌వాడీకి పోతున్నారు. పాప సిమెంటు లారీ గురించి ఏదో చెబుతోంది. అత్తమ్మ నోరు తెరిచింది, పాప ఆగలేదు. అత్తమ్మ నోరు మూసుకుని, నడుము వంచి, వింటూ నడిచింది. మలుపు తిరిగి ఇద్దరూ కనబడకుండా పోయాక కూడా పాప గొంతు కాసేపు వినిపిస్తూనే ఉంది.