కొండలయ్య నంబరుకు పంపాం

పెంచలప్రసాద్ కారు కొన్న రోజు షోరూంలో సేల్స్ ఆయన "మొబైల్ నంబరు చెప్పండి సార్" అనగానే, తడుముకోకుండా వాళ్ళ నాయన కొండలయ్య నంబరు చెప్పాడు. ఆ ఇంట్లో అది రివాజు. కరెంటు మీటరు, గ్యాసు, రేషను కార్డు అన్నీ పెద్దాయన పేరునే ఉన్నాయి. ఆయన బతికుండగా కొడుకు తన నంబరు రాయించుకోవడమంటే, తండ్రికి ముందుగానే పటం కట్టించి గోడకు తగిలించినట్టు.

"ఇది ప్రైమరీ నంబరు సార్. కంపెనీ దృష్టిలో ఓనరంటే ఈ నంబరే. తర్వాత మార్చాలంటే కష్టం," అని సేల్స్ ఆయన హెచ్చరించాడు.

"మా నాయన్ను మార్చేదేముండాది సార్, కొట్టుకోండి," అని పెంచలప్రసాద్ నవ్వాడు.

పక్క కుర్చీలో, మడిచిన గొంగడి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న కొండలయ్యకు చదవడం రాదు. తన బటన్ల ఫోనుకు వచ్చిన ఓటీపీని, ఫోనుతో సహా ఎత్తి అందరికీ చూపించాడు. కొడుకు చేతిలోని స్మార్ట్‌ఫోనులో కారు యాప్ తెరుచుకుంది. తర్వాత రెండేళ్ళపాటు ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

కారుకు ముందు పెంచలప్రసాద్ పన్నెండేళ్ళు లారీ తోలాడు. బద్వేలు రోడ్డు మీద, మర్రిపాడు మెట్టల్లో, ఒక తెల్లవారుజామున కన్ను మూతపడి లారీని గొర్రెల మందలోకి పోనిచ్చాడు. మనుషులకేమీ కాలేదు. కానీ మందలు మేపే ఇంట్లో పుట్టినవాడు మందను తొక్కించాడన్న మాట ఆ చుట్టుపక్కల చాలాకాలం తిరిగింది. లారీ దిగిపోయాడు. ఉదయగిరి కొండ కింద ఉన్న తమ పల్లెలో ఇంటి ప్లగ్గుకే ఛార్జింగు పెట్టుకోవచ్చని ఎలక్ట్రిక్ కారు కొన్నాడు. "సెల్లుఫోనుకు చక్రాలు కట్టుకొచ్చినాడ్రా," అని ఊరంతా ఎగతాళి చేసింది. ఊరి ఎగతాళిలో పెద్దగా అబద్ధం లేదు. ఇంటి ముందున్న కారును ఆ యాప్ సోమశిల రిజర్వాయరు నడిమధ్యన చూపించేది. వేసిన తలుపు తెరిచి ఉందని మొత్తుకునేది. అయినా బండి నడిచేది.

ఆ బండికి ఖాయమైన బాడుగ కామమ్మ. పక్క ఊరి చెరువు కిందుండే మనిషి, కూలికి పోయి బతికింది. రెండు కిడ్నీలూ పోయాయి. మంగళవారం, శుక్రవారం దాదాపు అరవై కిలోమీటర్లు ఆత్మకూరు వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. పోయేటప్పుడు కూర్చోగలదు, వచ్చేటప్పుడు కూర్చోలేదు, పడుకోవాలి. బస్సులో ఆ వీలు లేదు. ఉదయగిరి టాక్సీలవాళ్ళు సీటు మీద వాంతి చేసుకుంటుందని రామన్నారు. పెంచలప్రసాద్ వెనక సీటు మీద రబ్బరు షీటు పరిచి, దాని మీద పాత దుప్పటి వేసి, ఆమెను అత్తా అని పిలిచి ఎక్కించుకుంటాడు. ఏడాదిన్నరగా ఒక్క వారం కూడా తప్పలేదు.

కొండలయ్య పోయినప్పుడు తప్పింది. పెద్దకర్మ దాకా ఇంటి బండి కదలకూడదని పెద్దలు అడ్డం పడ్డారు. ఆ పదకొండు రోజులూ కామమ్మ ఎట్లా వెళ్ళిందో ఆ పెద్దల్లో ఒక్కరూ అడగలేదు. ఆచారం చెప్పేవాళ్ళకు ఆత్మకూరు ఎంత దూరమో తెలియనక్కర్లేదు.

పదో రోజున యాప్ పలకరించింది. "మీ కారు చాలా రోజులుగా కదల్లేదు. కాపలా మోడ్ ఆన్ చేయాలా?" గొర్రెల దొడ్డి పక్కన పెరిగినవాడు కాపలా వద్దంటాడా? సరే అని నొక్కాడు. ఇకమీదట కారు ఆగిన ప్రతిసారీ దానికి బంధం పడుతుందనీ, తాళంచెవి జేబులో ఉన్నా యాప్‌లో విడుదల నొక్కితే తప్ప స్టార్ట్ కాదనీ తర్వాత తెలిసింది. తీసేద్దామని వెతికితే ఆ మీట ఎక్కడుందో దొరకలేదు. సరేలే అని రోజూ విడుదల నొక్కుకుంటూ నెట్టుకొచ్చాడు.

నాయన పోయి ఏడు వారాలయ్యాక, ఒక ఆదివారం యాప్ తనంతట తాను కొత్త రూపం దాల్చి, పాతవాళ్ళందరినీ బయటికి నెట్టింది. మళ్ళీ లోపలికి రావాలంటే ఓటీపీ కొట్టమంది. కింద చిన్న అక్షరాల్లో రాసింది: కొండలయ్య గారి నంబరుకు పంపాం.

కారు ఇంటి ముందు బండరాయిలా నిలబడింది.

కంపెనీవాళ్ళకు ఫోన్ చేశాడు. నలభై నిమిషాల సంగీతం తర్వాత ఒక అమ్మాయి పలికింది.

"ఓనర్ గారు కొండలయ్య గారండీ. వారిని ఒకసారి లైన్లోకి పిలుస్తారా?"

"ఆయన చచ్చిపోయినాడు తల్లీ. యాభై రోజులాయ."

అవతల కీబోర్డు టకటకమంది. "చాలా సారీ సార్. వారు ఏ సమయంలో అందుబాటులో ఉంటారో చెప్పగలరా?"

ఆమెను తిట్టబుద్ధి కాలేదు. ఆమె ఎదురుగా స్క్రీన్ మీద తర్వాతి ప్రశ్న అదే అయ్యుంటుంది.

సోమవారం ఉదయగిరిలో సిమ్ముల షాపుకు పోయాడు.

"నంబరు ఎవరి పేరున ఉండాదన్నా?"

"మా నాయన పేరున."

"పిలుచుకొని రా. వేలిముద్ర పడాల."

"లేడు. పోయినాడు."

"అట్లయితే డెత్ సర్టిఫికెట్, వారసుల సర్టిఫికెట్ కావాల. రెండు వారాలన్నా పట్టుద్ది." షాపతను కొంచెం జాలిపడి అడిగాడు: "మూడు నెలల రీఛార్జి ఇంకా నడస్తానే ఉండాది గదా. పాత సిమ్ము నీ ఫోన్లో ఏసుకుంటే అయిపోయే పనికి ఇంత అగసాట్లేంది? ఆ సిమ్మేడుండాది?"

పెంచలప్రసాద్ షాపు మెట్లు దిగాడు.

ఆ సిమ్ కొండలయ్య గోతిలో ఉంది. వాళ్ళలో పూడుస్తారు. సగం మన్ను పోశాక తలవైపు నాలుగు రాళ్ళు గూడులాగా పేర్చి, పోయిన మనిషికి ఇష్టమైనవి అందులో పెట్టి పైన మళ్ళీ మన్ను పోస్తారు. కొండలయ్యకు చేతికర్ర పెట్టారు, పొగాకు సంచి పెట్టారు. అప్పుడు అక్క రేణుకాదేవి ఇంటికి పరుగెత్తి, ఆయన బటన్ల ఫోనును ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చింది. "మేకల ఎనకాల పోతా పాటలు ఇననిదే నాయనకు పొద్దు పోదు," అని గూట్లో పెట్టింది. చూసినవాళ్ళంతా కళ్ళు తుడుచుకున్నారు, రేణుక మనసే మనసన్నారు. ఆ కన్నీళ్ళలో, సిమ్ తీసి పెట్టమనే తెలివి ఒక్కరికీ రాలేదు.

మంగళవారం కామమ్మ ఆటోలో వెళ్ళింది. గుంటల రోడ్డు. వచ్చేటప్పుడు దారిలోనే కళ్ళు తేలేస్తే, ఆటో ఆపి చింతచెట్టు కింద పడుకోబెట్టి మొహాన నీళ్ళు చల్లారు. ఇంకోసారి నేను ఎక్కించుకోనని ఆటో అతను దణ్ణం పెట్టాడు. ఆత్మకూరులో నర్సు మాత్రం శుక్రవారం డయాలసిస్ తప్పితే ఒంట్లో నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయని ముందే చెప్పి పంపింది.

గురువారం సాయంత్రానికి కామమ్మ పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. చూసి వచ్చిన పెంచలప్రసాద్ అక్కతో అన్నాడు: "పొద్దున్నే తవ్వుతానక్కా."

"ఏందిరా? నాయన గోతినా? కారు కోసరమా?"

"కారు కోసరం కాదు. కామమ్మత్త కోసరం."

"కామమ్మ మనకేమైద్దిరా? మన కులమా, మన ఊరా?"

"వారానికి రెండుదపాలు నా ఎనక సీట్లో పండుకునే మనిషి."

"గోతిని కదిలిస్తే ఇంటికి అరిష్టం. రేపు నీ బిడ్డలకేమన్నా అయితే?"

"కామమ్మకు రేపే అయిద్ది. నా బిడ్డల సంగతి తర్వాత జూద్దాం."

శుక్రవారం పొద్దున ఆరు గంటలకు పార తీసుకుని ఒక్కడే నాయన గోతి దగ్గరికి పోయాడు. తవ్వడం మొదలుపెట్టేసరికి రేణుకాదేవి వెనకే వచ్చి గట్టు మీద కూర్చుంది. సాయం చేయలేదు, లేచి వెళ్ళలేదు. తమ్ముణ్ణీ, తమ్ముడి కారునూ, దాన్ని కనిపెట్టినవాడి వంశాన్నీ వరసబెట్టి తిట్టింది. పెంచలప్రసాద్ మోకాటి లోతు తవ్వాడు, తొడల్లోతు తవ్వాడు. రాళ్ళు తగల్లేదు. చెమట కళ్ళలోకి కారుతోంది. ఇంకా లోతుకు పోతే ఏం తగులుతుందో తెలుసు. పార ఆగింది.

గట్టు మీద తిట్లు కూడా ఆగాయి.

"ఆ పక్క కాదురా గుడ్డోడా," అంది రేణుకాదేవి. "కుడి పక్క. నాయనకు కుడిచెవే గదా ఇనపడేది."

కుడి పక్కకు జరిగి నాలుగు పారలు వేసేసరికి రాయి తగిలింది. కవరు చిరిగి, ఫోను మట్టి పట్టి, చచ్చి ఉంది. సిమ్ మాత్రం శుభ్రంగా ఉంది. దాన్ని పంచె కొంగుతో తుడిచి తన ఫోనులో వేసుకుని, ముందు గోతిని పూడ్చాడు. అక్క కూడా దిగి చేతులతో మన్ను లాగింది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుండగానే ఓటీపీ వచ్చింది. యాప్ తెరుచుకుని "స్వాగతం కొండలయ్య గారూ" అంది. విడుదల నొక్కితే ఇంకో కాగితం చదివింది. కొత్త సిమ్ పడినట్టు గుర్తించాం, మీ భద్రత కోసం నలభై ఎనిమిది గంటల పరిశీలన, ఈలోగా ఒకే ఒక్క అత్యవసర స్టార్టుకు అనుమతి. బండి ఆఫ్ అయితే మళ్ళీ ఆదివారమే. డ్రైవరు సీటు పది నిమిషాలు ఖాళీగా ఉంటే బండి దానంతటదే ఆఫ్ అయిపోతుంది.

ఒక్క స్టార్టు. మీట నొక్కాడు. డాష్‌బోర్డు వెలిగింది. ఛార్జింగు ఎనభై ఆరు.

కామమ్మ ఇంటికి కారు కంటే కబురే ముందు చేరింది. ఆమె కొడుకు సురేశ్‌బాబు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"పీనుగ కాణ్ణుంచి తెచ్చిన దాంతో తిరిగే బండి గదా అది. మాయమ్మను ఎక్కించను."

పెంచలప్రసాద్ దిగలేక, కిటికీలోంచే అరిచాడు: "అయితే ఇంకో బండి జూపించు. నేనే బతిమాలి పంపిస్తా."

సురేశ్‌బాబు దగ్గర ఇంకో బండి లేదు, అరిష్టం గురించిన భయం మాత్రమే ఉంది. లోపలి నుంచి కామమ్మ గోడ పట్టుకుని వచ్చింది. మొహం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి.

"తప్పుకోరా. నేనెట్టాగూ ఆ పక్కకు పోయేదాన్నే. కొండలయ్యన్న ముందుగా బండి పంపినాడనుకుంటా." వెనక సీట్లో ఒరుగుతూ కొడుకును చూసింది. "నువ్వొస్తావా?"

సురేశ్‌బాబు ఎక్కలేదు.

దారి పొడవునా ఆయాసం వల్ల కామమ్మ మాటకు మాటకు మధ్య ఆగుతోంది. మర్రిపాడు వైపు గొర్రెలు రోడ్డు దాటుతుంటే పెంచలప్రసాద్ బ్రేకు మీద కాలు పెట్టి, ఈసారి ఒక్కొక్క గొర్రెనూ చూస్తూ ఆగాడు. బండి ఆఫ్ కాలేదు కదా అని రెండుసార్లు డాష్‌బోర్డు చూసుకున్నాడు. ఏసీ వేయలేదు. తిరుగు ప్రయాణానికి ఛార్జింగు మిగలాలి.

ఆత్మకూరు చేరేసరికి పదీ ఇరవై. కామమ్మ వంతు పదింటికి. వరండా చివరి నుంచి నర్సు గొంతు వినిపించింది: "కామమ్మ వచ్చిందా? ఇంకో పావుగంట చూసి బెడ్డు వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం."

చక్రాల కుర్చీ చక్రం ఊడి మూలన పడి ఉంది. గేటు నుంచి లోపలి గదికి మామూలు రోజుల్లోనే ఆమెను నడిపించడానికి పది నిమిషాలు పడుతుంది. ఈ రోజు కాళ్ళు లేవడం లేదు. తీసుకుపోయి, పడుకోబెట్టి, వెనక్కి వచ్చేలోపు బండి ఆగిపోతుంది. ఆగితే సాయంత్రం ఆమెను ఇంటికి చేర్చే దారి లేదు.

మెట్ల మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఓబయ్య. ఇంకో రోగి భర్త, మొహం తెలిసినవాడే.

"తాతా, ఒక్కసారి ఈ సీట్లోకి వస్తావా? నేనొచ్చిందాకా లెయ్యగూడదు. ఏమీ ముట్టుకోవద్దు. ఊరికే కూసోవాల."

ఓబయ్య మోకాళ్ళ మీద చేతులాన్చి లేచాడు. "ఊరికే కూసోడం నాకు నేర్పుతావా అబ్బయా? మా ముసలిదాన్ని తోడుకొని ఈడికి రాబట్టి మూడేళ్ళాయ."

పెంచలప్రసాద్ కామమ్మ చేతిని మెడ చుట్టూ వేసుకుని, సగం నడిపించి సగం మోసి వరండా దాటించాడు. బెడ్డు ఇంకా ఖాళీగానే ఉంది. నర్సు ఆలస్యానికి తిడుతూనే సూది గుచ్చింది. ట్యూబుల్లో ఎర్రగా కదలిక మొదలయ్యాక కామమ్మ కళ్ళు మూసుకుని, "పో, ఆ తాత లేస్తాడేమో," అంది.

ఓబయ్య లేవలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరో ఫోటో తీస్తున్నట్టు నిటారుగా కూర్చుని ఉన్నాడు. పెంచలప్రసాద్ ఆయన్ను దింపి తాను ఎక్కాడు. ఛార్జింగు యాభై ఎనిమిది. నాలుగు గంటలు ఈ సీట్లోంచి కదలకూడదు. తర్వాత అరవై కిలోమీటర్లు. ఆదివారం పరిశీలన తర్వాత వాళ్ళేమంటారో, వచ్చే మంగళవారం ఈ బండి కదులుతుందో లేదో, ఎవరిని అడగాలో తెలియదు. ఎండ అద్దం మీదికి ఎక్కుతోంది.

ఓబయ్య మెట్ల మీదికి పోకుండా కిటికీ దగ్గరే నిలబడి, సంగతంతా విన్నాడు.

"ఒంటికి పోవాలంటే పిలువు," అన్నాడు. "నేను కూసుంటా."